అప్పు ఎవరి పేరున, ఇల్లు ఎవరి పేరున?

విదేశాల్లో స్థిరపడే తెలుగు జంటల్లో ఇద్దరూ ఒకేసారి విమానం ఎక్కేది తక్కువ. ఒకరు ముందే వెళ్లి ఉద్యోగంలో కుదురుకుంటారు. పెళ్లయ్యాక, వీసా చేతికొచ్చాక రెండోవారు వెళ్లి కలుస్తారు. సొంతింటి మాట సాధారణంగా ఆ తొలి ఏడాదిలోనే మొదలవుతుంది. కట్టే అద్దె ఎలాగూ బ్యాంకు వాయిదా అంత ఉంది కదా, పిల్లలు బడికెళ్లే వయసొచ్చేలోగా ఒకచోట నిలదొక్కుకుందాం అనుకుంటారు. తీరా బ్యాంకు దగ్గరికి వెళ్తే ఇద్దరినీ ఒకేలా చూడరని తెలుస్తుంది. పదేళ్లుగా ఉంటున్నవారికి అక్కడ ఆర్థిక చరిత్ర ఉంది. నిరుడు దిగినవారికి చదువు, అనుభవం, ఒక్కోసారి మంచి జీతం ఉన్నా ఆ చరిత్ర లేదు. అప్పుడు వినిపించే సలహా ఒకటే: "ప్రస్తుతానికి ఒక్కరి పేరున తీసుకోండి, రెండో పేరు తర్వాత చేర్చుకోవచ్చు."

ఈ సలహా కొన్నిసార్లు సరైనదే. కానీ ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. అప్పు తీర్చే బాధ్యత ఎవరిది? ఇంటి మీద హక్కు ఎవరిది? మొదటిది బ్యాంకు అడిగే ప్రశ్న. రెండోది దంపతులు తమలో తాము వేసుకోవాల్సినది. బ్యాంకుకు చెప్పిన జవాబుతోనే రెండోదీ తేలిపోయిందనుకుంటే నష్టపోయేది కొత్తగా వచ్చినవారు. మన కుటుంబాల్లో ఎక్కువగా భార్య. ఈ సమీక్షకు ఇంగ్లండ్‌ను ప్రధానంగా తీసుకుంటున్నాను. నిబంధనలు అక్కడ స్పష్టంగా ఉన్నాయి, మనవాళ్లూ గణనీయంగా ఉన్నారు. తర్వాత అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, భారత్‌లలో ఇదే సమస్య ఏ రూపంలో ఉందో చూద్దాం.

బ్యాంకు భయాలు

కొత్తగా వచ్చిన దరఖాస్తుదారు విషయంలో బ్రిటన్ బ్యాంకులకు మూడు సందేహాలు. ఈ మనిషి అప్పులు సరిగా తీరుస్తారా? దేశంలో ఉంటారా? ఈ జీతం నిలుస్తుందా?

మొదటిదానికి జవాబు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ సంస్థల దగ్గరుండే క్రెడిట్ ఫైల్‌లో వెతుకుతారు. ఈ మూడు సంస్థలూ భారత్‌లోనూ పనిచేస్తున్నాయి. మనం సిబిల్ స్కోరు అని పిలిచేది ట్రాన్స్‌యూనియన్ సిబిల్ ఇచ్చేదే. అయినా హైదరాబాద్‌లో పదేళ్లపాటు ఒక్క వాయిదా తప్పకుండా కారు లోను, క్రెడిట్ కార్డు కట్టిన మనిషి లండన్‌లో దిగగానే ఖాళీ ఫైల్‌తో మొదలుపెట్టాలి. రెండు దేశాల రికార్డులు మామూలుగా కలవవు. చెడ్డపేరు ఉండటం వేరు, అసలు పేరే లేకపోవడం వేరు. కానీ బ్యాంకు కంప్యూటర్ రెండింటికీ తక్కువ మార్కులే వేస్తుంది.

ఈ ఖాళీని నింపుకునే మార్గాల్లో ఒకటి మనవాళ్లు చాలామంది వాడుకోరు. భారత్ కామన్వెల్త్ దేశం. చెల్లుబాటయ్యే వీసాపై బ్రిటన్‌లో నివసిస్తున్న భారత పౌరులు అక్కడి ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. ఆ జాబితాలో పేరు, చిరునామా ఉంటే క్రెడిట్ ఫైల్‌కు గట్టి ఆధారం దొరుకుతుంది. వచ్చిన వెంటనే చేయదగ్గ పని ఇది, ఖర్చు కూడా లేదు. దాంతోపాటు సొంత బ్యాంకు ఖాతా, సొంత పేరున మొబైల్ కాంట్రాక్టు, చిన్న పరిమితితో ఒక క్రెడిట్ కార్డు తీసుకుని నెలనెలా పూర్తిగా కట్టేస్తూ ఉంటే ఆరు నెలల నుంచి ఏడాదిలో ఫైల్‌కు ఒక రూపం వస్తుంది. ఇంట్లో కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లు అన్నీ భర్త పేరునే ఉంటే, భార్య రెండేళ్లు అక్కడ ఉన్నా ఆమె ఫైల్ మొదటిరోజు ఉన్నట్టే ఉంటుంది.

మన పేర్లదీ ఒక చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, జీతం చీటీలో పొడి అక్షరంగా, బ్యాంకులో ముందుది వెనక్కి మారి, "వెంకట", "సత్య" లాంటి మధ్యపేర్లు ఒకచోట ఉండి మరోచోట లేకుండా ఉంటాయి. పెళ్లయ్యాక కొందరు భర్త ఇంటిపేరు పెట్టుకుంటారు, కొందరు పెట్టుకోరు. మనకు ఇవన్నీ ఒకే మనిషి. యంత్రానికి ఇద్దరు ముగ్గురు మనుషులు. వీసా రికార్డులో పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అదే అన్నిచోట్లా రాయించుకోవడం తొలినెలలోనే చేయాలి. దరఖాస్తు పెట్టాక సరిచేయడానికి వారాలు పడుతుంది.

రెండో సందేహం వీసా గురించి. భార్యాభర్తల వీసాపై బయటి నుంచి వచ్చేవారికి మొదట 33 నెలల అనుమతి ఇస్తారు. తర్వాత 30 నెలల పొడిగింపు, ఐదేళ్లు నిండాక శాశ్వత నివాసానికి దరఖాస్తు. ఇంటి అప్పేమో పాతిక, ముప్పై ఏళ్లది. 33 నెలల అనుమతి ఉన్న మనిషికి 30 ఏళ్ల అప్పు ఇవ్వాలంటే ఒక్కో బ్యాంకు ఒక్కో గీత గీసుకుంది. కొన్ని బ్యాంకులు బ్రిటన్‌లో కనీసం ఏడాదో రెండేళ్లో ఉండాలంటాయి. కొన్ని వీసాలో ఇంత కాలం మిగిలి ఉండాలంటాయి. శాశ్వత నివాసం లేకపోతే ఇంటి ధరలో పాతిక శాతం డిపాజిట్ అడిగేవీ ఉన్నాయి. దంపతుల్లో ఒకరు బ్రిటిష్ పౌరులో శాశ్వత నివాసులో అయితే చాలు, రెండోవారి వీసా సంగతి పెద్దగా పట్టించుకోమనేవీ ఉన్నాయి. చట్టం గీసిన గీత కాదు కాబట్టి ఒక బ్యాంకు కాదంటే అందరూ కాదన్నట్టు కాదు. ఈ తేడాలు తెలిసిన బ్రోకర్‌కు ఇచ్చే రుసుము సార్థకమయ్యేది ఇలాంటి కేసుల్లోనే.

మూడోది జీతం. కొత్త ఉద్యోగమైతే కనీసం మూడు నెలల జీతం చీటీలు అడగడం మామూలు. ప్రొబేషన్‌లో ఉంటే కొందరు ఒప్పుకోరు. వచ్చినవారు ఇంకా భారత్‌లోని కంపెనీకే పనిచేస్తూ రూపాయల్లో జీతం తీసుకుంటుంటే మరీ కష్టం. యూరప్ మార్ట్‌గేజ్ క్రెడిట్ డైరెక్టివ్ 2016 మార్చి 21 నుంచి బ్రిటన్‌లో అమల్లోకి వచ్చాక, విదేశీ కరెన్సీ ఆదాయం మీద ఇచ్చే అప్పులకు మారకపు నష్టం నుంచి రక్షణ కల్పించే బాధ్యత బ్యాంకులపై పడింది. దాంతో చాలా బ్యాంకులు అలాంటి ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోవడమే మానేశాయి. తీసుకునేవి కూడా కొంత కోసి లెక్కేస్తాయి.

విదేశాల్లో ఐదారేళ్లు ఉండి తిరిగొచ్చిన బ్రిటిష్ పౌరులకూ ఇవే ఇబ్బందులు కొన్ని ఎదురవుతాయి. వారికి వీసా బెడద లేదు, కానీ పాత ఫైల్ పాతబడి ఉంటుంది, ఉద్యోగం కొత్తదై ఉంటుంది.

రెండో జీతం చేసే తేడా

ఒక జంటను ఊహించుకుందాం. భర్త బ్రిటన్‌లో శాశ్వత నివాసి, జీతం ఏడాదికి 42,000 పౌండ్లు. భార్య విజయవాడ నుంచి భార్యాభర్తల వీసాపై వచ్చి ఎనిమిది నెలలైంది. నాలుగు నెలలుగా 30,000 పౌండ్ల ఉద్యోగం చేస్తోంది. ఆదాయానికి నాలుగున్నర రెట్లు అక్కడ బ్యాంకులు సాధారణంగా చూసే కొలత. ఒక్కరి జీతం మీద 1,89,000 పౌండ్ల వరకు అప్పు పుడుతుంది. ఇద్దరిదీ కలిపితే 72,000 మీద 3,24,000. చేతిలో 36,000 పౌండ్లు ఉంటే ఒక్కరి పేరున 2,25,000 పౌండ్ల ఇల్లు, ఇద్దరి పేరున 3,60,000 పౌండ్ల ఇల్లు. ఆగ్నేయ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఈ తేడా చిన్న ఫ్లాట్‌కూ పిల్లలతో ఉండగల ఇంటికీ మధ్య తేడా.

అదే బ్యాంకు ఆమె వీసా చూసి పాతిక శాతం డిపాజిట్ అడిగిందనుకోండి. 3,60,000లో పాతిక శాతమంటే 90,000. మరో 54,000 పౌండ్లు తేవాలి. ఆమె జీతం లెక్కలోకి రావాలంటే ఆమె పేరు అప్పులో ఉండాలి. ఆమె పేరు ఉంటే షరతులు కఠినమవుతాయి. ఈ రెండింటి నడుమ చాలా జంటలు ఇరుక్కుంటాయి. ఇద్దరి పేరున అప్పు తీసుకుంటే ఒక్కొక్కరూ సగానికి బాధ్యులన్న అపోహ కూడా ఉంది. చట్టం ప్రకారం ఒక్కొక్కరూ మొత్తం అప్పుకు బాధ్యులే. ఒకరు కట్టడం మానేస్తే బ్యాంకు రెండోవారిని పూర్తి మొత్తం అడుగుతుంది. ఇద్దరి క్రెడిట్ ఫైళ్లూ ముడిపడతాయి. కాబట్టి ఒకరికి పాత బకాయిలుంటే ముందే ఒకరికొకరు చెప్పుకోవాలి.

డిపాజిట్ ఎక్కడి నుంచి

కొత్త జంటల డిపాజిట్‌లో కొంత భాగం భారత్ నుంచే వెళ్తుంది. అమ్మానాన్నలు స్థలం అమ్మో, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసో, చిట్టీ పాడో పంపుతారు. మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం ఆ సొమ్ము మూలం తేల్చుకునే బాధ్యత కొనుగోలు పత్రాలు చూసే బ్రిటన్ న్యాయవాది, అంటే సొలిసిటర్‌పై ఉంటుంది. ఖాతాలోకి వచ్చిన సొమ్ము చూపితే చాలదు, అది అంతకుముందు ఎక్కడిదో చూపాలి. స్థలం అమ్మితే రిజిస్టర్డ్ దస్తావేజు, ఆ సొమ్ము బ్యాంకులో పడిన స్టేట్‌మెంటు. చిట్టీ అయితే రిజిస్టరైన కంపెనీ ఇచ్చిన పాస్‌బుక్కు, చెల్లింపు రసీదు. ఇరుగుపొరుగు కలిసి వేసుకున్న చిట్టీకి ఆధారాలు చూపడం చాలా కష్టం. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతులు మారిన సొమ్ము ఇంకొకటి అయితే, ఆ నగదు భాగం ఇంగ్లండ్ ఇంటికి పనికిరాదు. ఈ విషయం అమ్మకానికి ముందే తెలిస్తే మొత్తం చెక్కు రూపంలోనే తీసుకోవచ్చు.

భారత్ వైపు నియమాలూ లెక్కలోకి రావాలి. రిజర్వ్ బ్యాంక్ సరళీకృత చెల్లింపుల పథకం కింద భారత్‌లో నివసించే ఒక్కొక్కరూ ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. చదువు, వైద్యం కాని అవసరాలకు ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం మూలంలో పన్ను వసూలు చేస్తారు. తండ్రి ఒక్కరే 40 లక్షలు పంపితే 6 లక్షలు పట్టుకుంటారు. తల్లి, తండ్రి తమతమ సొంత డబ్బు చెరి 20 లక్షలు పంపితే ఇద్దరికీ కలిపి 4 లక్షలు. ఇది ఎగిరిపోయే డబ్బు కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, మిగిలితే వాపసు వస్తుంది. కానీ ఆ నెలలో చేతిలో ఉండదు కాబట్టి ముందే లెక్క వేసుకోవాలి. వెళ్లిన అమ్మాయి సొంత పొదుపు ఇక్కడి ఖాతాలో ఉంటే ఆ ఖాతాను ప్రవాసులకుండే ఎన్‌ఆర్‌వో ఖాతాగా మార్చాలి. అందులోంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు, పన్ను కట్టిన ఆధారాలతో, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రంతో తీసుకెళ్లవచ్చు.

బహుమతిగా వచ్చే సొమ్ముకు బ్యాంకు ఒక లేఖ అడుగుతుంది. ఇది అప్పు కాదు, తిరిగి అడగం, ఆ ఇంట్లో మాకు వాటా వద్దు అని ఇచ్చేవారు సంతకం చేయాలి. ఆ లేఖలో బహుమతి ఎవరికి ఇస్తున్నామని రాశారన్నది చాలా ముఖ్యం. పుట్టింటివారు కూతురి కోసమని పంపిన డబ్బు, ఇల్లు అల్లుడి ఒక్కడి పేరునే ఉంది కాబట్టి అల్లుడికి ఇచ్చిన బహుమతిగా కాగితమెక్కితే, రేపు తేడా వచ్చినప్పుడు ఆ డబ్బు తనదని ఆమె నిరూపించుకోవడం భారమవుతుంది. తల్లిదండ్రులు ఈ ఒక్క కాగితం దగ్గర మొహమాటపడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

స్టాంప్ డ్యూటీలో ఊరి ఇల్లు

కొత్తగా వచ్చినవారి పేరు చేర్చేముందు లెక్కించాల్సిన మరో ఖర్చు స్టాంప్ డ్యూటీ. అదే 3,60,000 పౌండ్ల ఇంటిని తీసుకుందాం. 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం, కొనేవారంతా తొలిసారి కొంటున్నవారైతే 3,00,000 వరకు సుంకం లేదు, మిగతా 60,000 మీద 5 శాతం, అంటే 3,000 పౌండ్లు. తొలిసారి కొనేవారు కాకపోతే 8,000 పౌండ్లు. ఇది రెండో ఇంటి కింద లెక్కకొస్తే మొత్తం ధరపై మరో 5 శాతం కలిసి 26,000 పౌండ్లు.

తొలిసారి అంటే ప్రపంచంలో ఎక్కడా ఎప్పుడూ ఇల్లు సొంతం చేసుకోనివారు. నాన్న పోయాక ఊరి ఇంట్లో వాటా వచ్చినా, పెళ్లికి ముందు మియాపూర్‌లో ఫ్లాటు కొని అమ్మేసినా ఆ రాయితీ ఉండదు. ఇద్దరు కొంటుంటే ఇద్దరికీ ఈ అర్హత ఉండాలి. ఇక రెండో ఇంటి అదనపు సుంకం సంగతి. కొన్న రోజున మరో ఇంట్లో 40,000 పౌండ్లు, అంటే 50 లక్షల రూపాయలకు కాస్త అటూఇటుగా విలువైన వాటా ఉంటే, ఆ ఇల్లు ఏ దేశంలో ఉన్నా సరే, సాధారణంగా అది వర్తిస్తుంది. గత మూడేళ్లలో వారసత్వంగా వచ్చి, వాటా సగానికి మించకపోతే మినహాయింపు ఉంది. కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఇక్కడ ఒకటిగానే చూస్తారు. హైదరాబాద్ ఫ్లాటు భార్య పేరున ఉంటే, కొత్త ఇంటిని భర్త ఒక్కడే కొన్నా అదనపు సుంకం తప్పదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో 2005 సవరణతో దేశమంతా కూతుళ్లకూ సమాన హక్కు వచ్చింది కాబట్టి, "నా పేరున ఏమీ లేదు" అని సంతకం పెట్టేముందు ఊళ్లో ఆస్తి లెక్క ఒకసారి అడిగి తెలుసుకోవాలి. అనుమానముంటే పన్ను సలహాదారుకు చూపాలి.

కొత్తగా వచ్చినవారికి ఒక ఊరట కూడా ఉంది. బ్రిటన్‌లో 183 రోజులు ఉండనివారు కొంటే 2021 ఏప్రిల్ నుంచి 2 శాతం అదనపు సుంకం ఉంది. పెళ్లికాని జంటలో ఒక్కరు అలాంటివారైనా అది మొత్తం ధరపై పడుతుంది. కలిసి ఉంటున్న దంపతుల్లో ఒకరు నివాసి అయితే ఇద్దరినీ నివాసులుగానే పరిగణిస్తారు.

పేరు లేని భాగస్వామి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇన్ని లెక్కల తర్వాత ఒక్కరి పేరునే కొనాలని నిర్ణయించుకుంటే రెండోవారి స్థితి ఏమిటి?

ఇంగ్లండ్‌లో దాదాపు అన్ని బ్యాంకులూ ఇంటి యజమానులందరూ అప్పులో ఉండాలంటాయి. కాబట్టి అప్పులో పేరు లేకపోతే ల్యాండ్ రిజిస్ట్రీలోనూ పేరు ఉండదు. పైగా ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్లతో బ్యాంకు ఒక సమ్మతిపత్రం మీద సంతకం తీసుకుంటుంది. ఈ ఇంట్లో నాకు ఏ హక్కు ఉన్నా అది బ్యాంకు హక్కు తర్వాతే అన్నది దాని సారాంశం. దీని వెనక ఒక చరిత్ర ఉంది. విలియమ్స్ అండ్ గ్లిన్స్ బ్యాంక్ వర్సెస్ బోలాండ్ కేసులో 1980లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక తీర్పు ఇచ్చింది. ఇల్లు భర్త పేరున మాత్రమే ఉన్నా, కొనడానికి డబ్బు పెట్టి అందులో నివసిస్తున్న భార్య హక్కును కాదని బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోలేదని చెప్పింది. అప్పటినుంచి బ్యాంకులు ముందే సంతకం తీసుకుంటున్నాయి. భర్త అప్పుకు భార్య హామీ సంతకం చేసే సందర్భాల్లో, ఆమెకు ఆ కాగితం అర్థాన్ని సొలిసిటర్ విడిగా వివరించేలా బ్యాంకు చూడాలని 2001లో ఎట్రిడ్జ్ కేసు చెప్పింది. దేశానికి కొత్తగా వచ్చిన భార్యకు ఈ వివరణ మరింత అవసరం. ఏ కాగితమో చదవకుండా, ఆయన పెట్టమన్నారని పెట్టే సంతకం ఇది కాకూడదు.

పేరు లేనంత మాత్రాన దిక్కులేనట్టు కాదు. పెళ్లయిన జంట విడిపోతే కోర్టు ఇల్లు ఎవరి పేరున ఉందని మాత్రమే చూడదు. 1996 కుటుంబ చట్టం కింద, పేరు లేని భార్య గానీ భర్త గానీ తమ నివాస హక్కును ల్యాండ్ రిజిస్ట్రీలో ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు. అది నమోదై ఉంటే ఆ ఇల్లు గుట్టుగా అమ్మడం కుదరదు. యజమాని వీలునామా లేకుండా చనిపోతే, పిల్లలుంటే జీవిత భాగస్వామికి తొలి 3,22,000 పౌండ్లు, మిగిలినదానిలో సగం వస్తాయి. పిల్లలు లేకపోతే మొత్తం. పెళ్లికాని జంటలకు ఈ రక్షణలు లేవు. ఎన్నేళ్లు కలిసి ఉన్నా ఇంగ్లండ్ చట్టం వారిని దంపతులుగా చూడదు. అలాంటివారు ఒక్కరి పేరున కొనడం చాలా ప్రమాదం.

ఇద్దరి పేరున కొన్నప్పుడు కూడా రెండు పద్ధతులున్నాయి. మొదటిదాంట్లో ఇల్లంతా ఇద్దరిదీ, ఒకరు పోతే నేరుగా రెండోవారిది. రెండోదాంట్లో ఎవరి వాటా వారిది, వారి వీలునామా ప్రకారం పోతుంది. ఒకరి పుట్టింటి డబ్బు ఎక్కువగా ఉంటే రెండో పద్ధతి, దానికి తోడు ఎవరెంత పెట్టారో రాసుకున్న ట్రస్టు పత్రం మేలు. ఒక్కరి పేరున కొన్నా ఇలాంటి పత్రం రాసుకోవచ్చు. అయితే బ్యాంకుకు తెలియజేయాలి, వాటా ఉన్నవారిని కూడా కొనుగోలుదారుగా లెక్కేస్తారు కాబట్టి స్టాంప్ డ్యూటీ ప్రభావం ముందే చూసుకోవాలి.

"తర్వాత చేర్చుకోవచ్చు" అన్నదాని ఖరీదు కూడా ముందే తెలియాలి. రెండో పేరు చేర్చాలంటే బ్యాంకు ఒప్పుకోవాలి, ఆదాయం మళ్లీ పరిశీలిస్తారు, సొలిసిటర్ ఫీజు ఉంటుంది. కొత్తగా చేరేవారు మోసే అప్పు వాటాను చెల్లించిన ధరగా లెక్కేస్తారు. 3,00,000 పౌండ్ల అప్పులో సగం మోస్తే 1,50,000. అందులో 1,25,000 దాటిన 25,000 మీద 2 శాతం, అంటే 500 పౌండ్ల సుంకం. భరించలేని మొత్తమేమీ కాదు. కానీ అడ్డుపడేది డబ్బు కంటే వాయిదా. స్థిర వడ్డీ గడువు ముగిసినప్పుడు చూద్దాం, వీసా పొడిగింపు అయ్యాక చూద్దాం, పాప పుట్టాక చూద్దాం అంటూ ఏళ్లు గడుస్తాయి.

అమెరికా: రెండూ వేరుగా

అమెరికాలో అప్పు పత్రం, ఇంటి దస్తావేజు విడివిడిగా నడవగలవు. భర్త ఒక్కడే అప్పు తీసుకుని, దస్తావేజులో ఇద్దరి పేర్లూ రాయించుకోవచ్చు. ఇది ఇంగ్లండ్ కంటే మెరుగైన ఏర్పాటు. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4పై వచ్చి పని అనుమతి లేని భార్యకు సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు, క్రెడిట్ స్కోరు ఉండదు, ఆదాయం ఉండదు. ఆమెను అప్పులో చేరిస్తే లాభం లేదు. ఇద్దరు రుణగ్రహీతలుంటే వడ్డీ రేటును నిర్ణయించడంలో తక్కువ స్కోరుకే ప్రాధాన్యం కాబట్టి నష్టం కూడా. దస్తావేజులో చేర్చడానికి మాత్రం ఇవేవీ అడ్డు కాదు. తర్వాత చేర్చినా, 1982 నాటి గార్న్-సెయింట్ జర్మైన్ చట్టం ప్రకారం భార్య లేదా భర్తను సహయజమానిగా చేసినందుకు బ్యాంకు మొత్తం అప్పు ఒకేసారి కట్టమని అడగలేదు. అంటే అమెరికాలో భార్య పేరు ఇంటి మీద లేకపోవడానికి బ్యాంకు కారణం కాదు.

ఇటీవల వచ్చిన పెద్ద మార్పు, తక్కువ డౌన్ పేమెంటుతో దొరికే ఎఫ్‌హెచ్‌ఏ రుణాలది. 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం లేనివారికి అవి లేవు. హెచ్-1బీ ఉద్యోగ వీసాపై ఉన్నవారు ఇప్పుడు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ నిబంధనల కింద వచ్చే మామూలు రుణాలకు వెళ్లాలి. చట్టబద్ధంగా ఉంటున్నవారికి ఆ తలుపు తెరిచే ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్, కాలిఫోర్నియాలతో కలిపి తొమ్మిది రాష్ట్రాల్లో పెళ్లి తర్వాత సంపాదించిన ఆస్తి సాధారణంగా ఇద్దరిదీ అవుతుంది. స్కోరు కోసం, భర్త క్రెడిట్ కార్డుకు భార్యను అనుమతి ఉన్న వినియోగదారుగా చేర్చడం తేలికైన మార్గం. నోవా క్రెడిట్ అనే సంస్థ ద్వారా భారత్‌లోని క్రెడిట్ చరిత్రను చూసి కార్డు ఇచ్చే పద్ధతిని అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 2019లో మొదలుపెట్టింది. చరిత్ర సరిహద్దు దాటగలదని అది చూపింది. ఇంటి రుణాల్లో ఇది మామూలు కావాలి.

కెనడా, ఆస్ట్రేలియా: పెళ్లి తెరిచే తలుపు

ఈ రెండు దేశాల్లో బ్యాంకు కంటే ముందు ప్రభుత్వమే అడ్డొస్తుంది. కెనడాలో విదేశీయులు ఇళ్లు కొనకుండా 2023 జనవరి 1 నుంచి నిషేధం ఉంది, 2027 జనవరి 1 వరకు పొడిగించారు. అయితే కెనడా పౌరులతో గానీ శాశ్వత నివాసులతో గానీ పెళ్లయినవారు వారితో కలిసి కొనవచ్చు. వర్క్ పర్మిట్‌లో 183 రోజులకు తగ్గకుండా గడువున్నవారికీ ఒక ఇంటికి మినహాయింపు ఉంది.

ఆస్ట్రేలియాలో 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు తాత్కాలిక నివాసులు సహా విదేశీయులు పాత ఇళ్లు కొనకుండా నిషేధించారు. పౌరులు లేదా శాశ్వత నివాసులైన జీవిత భాగస్వామితో కలిసి ఇల్లంతా ఇద్దరిదీ అన్న పద్ధతిలో కొంటే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. వాటాలు విడగొట్టి కొంటే ఆ మినహాయింపు వర్తించదు. ఇంగ్లండ్‌లో పుట్టింటి డబ్బుకు రక్షణగా చెప్పిన పద్ధతే ఇక్కడ అడ్డంకి అవుతుంది. అందుకే ఒక దేశంలో ఉన్న అన్నయ్య అనుభవం మరో దేశంలో ఉన్న చెల్లెలికి నేరుగా పనికిరాదు.

తిరుగు ప్రయాణం

తిరిగొచ్చే జంటల సంగతి కూడా చూడాలి. ఒకరు ముందు హైదరాబాదో విశాఖో వచ్చేసి, రెండోవారు ఇంకా విదేశంలో ఉన్నప్పుడు ఇక్కడ ఇల్లు కొంటారు. ఇక్కడి బ్యాంకులు సాధారణంగా సహయజమానులందరినీ రుణంలో చేర్చమంటాయి. విదేశంలో ఉన్నవారి వాయిదాలు ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌వో ఖాతా నుంచి వెళ్లాలి. ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డు ఉన్న భారత సంతతి విదేశీ పౌరులు ఇల్లు కొనవచ్చు, పొలం కొనకూడదు. ఓసీఐ కాని విదేశీ జీవిత భాగస్వామితో కలిసి ప్రవాస భారతీయులు ఒక ఇంటిని కొనాలంటే, పెళ్లి రిజిస్టరై కనీసం రెండేళ్లు గడిచి ఉండాలి. పాత పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీపై ఒక్కొక్కరికీ 2 లక్షల రూపాయల వరకు మినహాయింపు ఉంది. అయితే అప్పులోనూ ఇంటిలోనూ పేరు ఉన్నవారికే. రెండు పేర్లూ రెండుచోట్లా ఉండటానికి ఇక్కడ పన్ను చట్టమే తోడ్పడుతోంది.

తేలేది ఏమిటి

ఇన్ని దేశాల నిబంధనలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి స్పష్టం. కొత్తగా వచ్చినవారి పేరు ఇంటి మీద ఉండటానికి అన్నిచోట్లా ఏదో ఒక దారి ఉంది. అది కొన్నిచోట్ల ఖరీదైనది, కొన్నిచోట్ల ఆలస్యమయ్యేది. ఒక్కరి పేరున అప్పు తీసుకోవడం తప్పేమీ కాదు. రెండోవారికి జీతం లేనప్పుడు, వారి పేరు వల్ల పాతిక శాతం డిపాజిట్ భారం పడుతున్నప్పుడు అదే సరైన నిర్ణయం కావచ్చు. కానీ ఆ నిర్ణయంతోపాటు ఇంటి మీద హక్కు గురించి కూడా అదే వారంలో ఒక కాగితం పుట్టాలి. అమెరికాలో అయితే దస్తావేజు, ఇంగ్లండ్‌లో అయితే ట్రస్టు పత్రం లేదా కనీసం నివాస హక్కు నమోదు, ఎక్కడైనా సరే వీలునామా. రెండో పేరు ఎప్పుడు చేర్చేదీ ఒక తేదీతో రాసుకోవాలి. స్థిర వడ్డీ గడువు ముగిసే నెల అందుకు మంచి సమయం.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ డబ్బు ఎవరి కోసం పంపుతున్నారో వారి పేరునే లేఖ రాయండి. ముందే వెళ్లి స్థిరపడినవారికి మరో మాట. మీ ఫైల్ నిండుగా ఉండటం మీరు ముందు వెళ్లినందువల్ల వచ్చిన సౌకర్యం. మీ కోసం ఉద్యోగం, ఊరు, మనుషులను వదిలి వచ్చినవారి ఫైల్ ఖాళీగా ఉండటానికీ అదే కారణం. ఓటర్ల జాబితాలో పేరు, సొంత ఖాతా, సొంత కార్డు, బిల్లుల్లో ఒకటి వారి పేరున ఉండేలా తొలినెల నుంచే చూస్తే, ఏడాది తిరిగేసరికి బ్యాంకు చెప్పే జవాబే మారవచ్చు. ఏదో ఒకటి వాయిదా వేయక తప్పదంటే ఇల్లు కొనడాన్ని ఆ ఏడాది వాయిదా వేయండి, ఇంటి మీద వారి పేరును వద్దు.